మూడడుగుల పట్ బరువు: మేజర్ గోల్ఫ్ చరిత్రలోని చిరస్మరణీయ ఘట్టాలను ఎలా అర్థం చేసుకోవాలి

1970 జూలైలో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో, బ్రిటిష్ ఓపెన్ చివరి రౌండ్ చివరి హోల్ గ్రీన్ (గుంత చుట్టూ గడ్డిని బాగా పొట్టిగా కత్తిరించిన చోటు) మీద, అమెరికా ఆటగాడు డగ్ శాండర్స్ పట్టర్ (బంతిని గుంతలోకి దొర్లించే కర్ర) పట్టుకుని బంతి ముందు నిలబడ్డాడు. బంతికీ గుంతకూ మధ్య మూడడుగుల దూరం కూడా లేదు. అది పడితే అతడే చాంపియన్. జాక్ నిక్లాస్ ఒక్క స్ట్రోక్ (బంతిని కొట్టే ఒక దెబ్బ) తేడాతో వెనకబడిపోతాడు. కొట్టబోయే ముందు శాండర్స్‌కు బంతి వెళ్లే దారిలో చిన్న నలుసు లాంటిదేదో కనిపించింది. నిలబడిన చోటు నుంచి కదలకుండానే ముందుకు వంగి దాన్ని వేళ్లతో తొలగించబోయాడు, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. ఒక అడుగు వెనక్కి వేసి, ఊపిరి తీసుకుని, అంతా మొదటి నుంచి మొదలుపెట్టి ఉండవలసింది. కానీ అలాగే కొట్టేశాడు. బంతి గుంతకు కుడిపక్క నుంచి జారిపోయింది. ఇద్దరూ సమంగా నిలవడంతో మర్నాడు జరిగిన 18 హోల్స్ ప్లేఆఫ్‌లో (విజేతను తేల్చే అదనపు ఆటలో) నిక్లాస్ 72 స్ట్రోక్‌లలో, శాండర్స్ 73 స్ట్రోక్‌లలో ముగించారు. శాండర్స్ తన జీవితంలో ఒక్క మేజర్ టైటిల్ కూడా, అంటే నాలుగు అతి పెద్ద పోటీల్లో ఒక్కటి కూడా, గెలవలేదు.

ఆ నాలుగు రౌండ్లలో శాండర్స్ ఆడిన స్ట్రోక్‌లు 283. వాటిలో 282 ఎవరికీ గుర్తులేవు. గోల్ఫ్ తెలియనివారికి ఇది వింతగా తోస్తుంది: వందల గజాల దూరం బంతిని కొట్టగలిగిన మనిషిని, పిల్లవాడు కూడా వేయగలిగినట్టు కనిపించే ఒక పట్‌తో (గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బతో) ఎందుకు గుర్తుపెట్టుకుంటారు? ఈ ప్రశ్నకు ధైర్యం, అదృష్టం, ఒత్తిడి అంటూ సమాధానాలు చెప్పడం పరిపాటి. అవి అబద్ధాలు కావు గానీ అసలు సంగతిని పూర్తిగా పట్టుకోవు. గోల్ఫ్ చరిత్రలో చిరస్మరణీయమైన ఘట్టాలను పుట్టించేది ముందుగా ఆ ఆట లెక్కించే పద్ధతి, ఆ లెక్కను కాపాడే నియమాలు, ఆడే నేల. ఆటగాడి గుండెదిటవు వీటి తర్వాత వచ్చే విషయం. ఈ క్రమాన్ని తలకిందులు చేసినందువల్లనే మనం ఓడినవారిని అన్యాయంగా అంచనా వేస్తూ వచ్చామని నా అభిప్రాయం.

లెక్కతోనే మొదలుపెడదాం. పురుషుల గోల్ఫ్‌లో మేజర్ అనిపించుకునేవి నాలుగు: మాస్టర్స్, పీజీఏ చాంపియన్‌షిప్, యూఎస్ ఓపెన్, బ్రిటిష్ ఓపెన్. నాలుగింటిలోనూ నాలుగు రోజుల పాటు రోజుకు 18 చొప్పున మొత్తం 72 హోల్స్ ఆడతారు. అందరికంటే తక్కువ స్ట్రోక్‌లతో ముగించినవారు విజేత. ప్రతి హోల్‌కూ పార్ అని ఒక ప్రమాణ సంఖ్య ఉంటుంది, సాధారణంగా మూడు, నాలుగు లేదా ఐదు. దానికంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్, ఒకటి ఎక్కువైతే బోగీ. ఈ పద్ధతిలో 300 గజాల డ్రైవ్ (హోల్ మొదట్లో దూరంగా కొట్టే షాట్) విలువ ఒకటి, మూడడుగుల పట్ విలువ కూడా ఒకటే. క్రికెట్‌లో సిక్సర్‌కు ఆరు పరుగులు, సింగిల్‌కు ఒక పరుగు. గోల్ఫ్‌లో అలాంటి తారతమ్యం లేదు. అందుకే ఇక్కడ చిన్న తప్పుకు చిన్న శిక్ష అనే సూత్రం పనిచేయదు. గొప్ప షాట్ కొట్టి సంపాదించుకున్నది చిటికెలో, అంగుళం పక్కకు జారిన బంతితో సరిసమానంగా పోతుంది.

శాండర్స్ కథకు పది నెలల ముందు జరిగిన మరొక ఘట్టాన్ని దీని పక్కన పెట్టి చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. 1969 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని రాయల్ బర్క్‌డేల్‌లో అమెరికా, బ్రిటన్ జట్ల మధ్య రైడర్ కప్ చివరి మ్యాచ్ చివరి హోల్‌కు వచ్చింది. నిక్లాస్ తన పట్ వేసేశాడు. బ్రిటన్ ఆటగాడు టోనీ జాక్లిన్‌కు రెండు మూడు అడుగుల పట్ మిగిలి ఉంది. అది తప్పితే కప్పు పోరు అమెరికా గెలుపుతో ముగుస్తుంది. నిక్లాస్ వంగి, జాక్లిన్ బంతి ఉన్నచోట పెట్టిన గుర్తును తీసి అతని చేతికిచ్చాడు, అంటే ఆ పట్ పడినట్టే ఒప్పుకున్నాడు. పోరు 16–16తో ముగిసింది. రైడర్ కప్ సమానంగా ముగియడం అదే మొదటిసారి. ఈ ఔదార్యం గురించి ఎంత రాసినా తక్కువే. అయితే అది సాధ్యమైంది రైడర్ కప్ మ్యాచ్ ప్లే పద్ధతిలో జరుగుతుంది కాబట్టి. అందులో ఇద్దరి మధ్యే పోటీ, హోల్ హోల్‌కూ గెలుపోటములు. ఎదుటివాడి పట్‌ను వదిలిపెట్టే హక్కు నియమాలే ఇస్తాయి. మొత్తం స్ట్రోక్‌లను లెక్కించే మేజర్ల పద్ధతిలో, అంటే స్ట్రోక్ ప్లేలో, ఆ హక్కు ఎవరికీ లేదు, ఎందుకంటే అక్కడ ఒకరి స్కోరు మైదానంలో ఉన్న అందరికీ సంబంధించినది. బర్క్‌డేల్‌లో జాక్లిన్‌కు దక్కిన మినహాయింపు సెయింట్ ఆండ్రూస్‌లో శాండర్స్‌కు ఇవ్వాలని ఎవరు కోరుకున్నా ఇచ్చే వీల్లేదు. ఆ రెండు పట్‌ల దూరం దాదాపు ఒకటే. ఒకటి స్నేహానికి గుర్తుగా మిగిలింది, రెండోది జీవితకాలపు గాయంగా మిగిలింది. తేడా మనుషుల్లో కంటే పద్ధతిలో ఉంది.

రెండో సంగతి, బంతి కదలదు. టెన్నిస్‌లో, క్రికెట్‌లో బంతి మీదికొస్తుంది. ఆలోచించే వ్యవధి ఉండదు, సాధన చేసిన శరీరం తనంతట తాను స్పందిస్తుంది. గోల్ఫ్‌లో బంతి కాళ్ల ముందే నిశ్చలంగా ఉంటుంది. షాట్‌కూ షాట్‌కూ మధ్య నిమిషాల తరబడి నడక ఉంటుంది. ఆ నడకలో ఆధిక్యం ఎంతో, ఎంత తగ్గిందో లెక్కపెట్టుకోకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. 1966 యూఎస్ ఓపెన్‌లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒలింపిక్ క్లబ్‌లో, ఆర్నాల్డ్ పామర్‌కు తొమ్మిది హోల్స్ మాత్రమే మిగిలి ఉండగా బిల్లీ కాస్పర్‌పై ఏడు స్ట్రోక్‌ల ఆధిక్యం ఉంది. ఆ దశలో పామర్ మనసు కాస్పర్ మీద లేదు. 1948లో బెన్ హోగన్ నెలకొల్పిన 276 స్ట్రోక్‌ల యూఎస్ ఓపెన్ రికార్డు మీద ఉంది. నిదానంగా ఆడితే గెలిచే చోట దూకుడు కొనసాగించాడు. అతడు చివరి తొమ్మిది హోల్స్‌ను 39లో ఆడితే, కాస్పర్ 32లో ఆడి సమం చేశాడు. మర్నాటి ప్లేఆఫ్‌లో 69–73తో గెలిచాడు. ఆరేళ్ల కిందట, 1960లో, చెర్రీ హిల్స్ కోర్సులో జరిగిన యూఎస్ ఓపెన్‌లో ఇదే పామర్ చివరి రౌండ్‌కు ముందు ఏడు స్ట్రోక్‌లు వెనకబడి, మొదటి హోల్ గ్రీన్‌ను ఒక్క డ్రైవ్‌తోనే అందుకుని, 65 కొట్టి గెలిచాడు. అదే మనిషి, అదే దూకుడు, అదే ఏడు అంకె. ఒకసారి వీరుడన్నారు, ఒకసారి చేజార్చుకున్నాడన్నారు.

ఒక్క షాట్‌తో లెక్క ఎంతగా మారవచ్చో చెప్పడానికి 1935 మాస్టర్స్‌ను మించిన ఉదాహరణ లేదు. అప్పటికి ఆ పోటీ మొదలై రెండో ఏడాది. క్రెయిగ్ వుడ్ 282తో ఆట ముగించి క్లబ్‌హౌస్‌లో ఉన్నాడు. జీన్ సరాజెన్ 15వ హోల్‌లో రెండో షాట్ ఆడబోతున్నాడు. వుడ్‌ను అందుకోవాలంటే మిగిలిన నాలుగు హోల్స్‌లో మూడు స్ట్రోక్‌లు తగ్గించాలి. అది పార్ ఐదు హోల్, ముందు నీటి మడుగు. దాదాపు 235 గజాల దూరం నుంచి సరాజెన్ ‘వుడ్’ అనే రకం నాలుగో నంబరు క్లబ్‌తో (బంతిని కొట్టే కర్రతో) కొట్టిన బంతి మడుగు దాటి, గ్రీన్ మీద పడి, దొర్లుకుంటూ పోయి గుంతలో పడింది. పార్‌కు మూడు తక్కువ, దాన్నే ఆల్బట్రాస్ అంటారు. మూడు బర్డీలు చేయవలసిన పని ఒక్క స్వింగ్‌తో అయిపోయింది. అతడు మర్నాడు 36 హోల్స్ ప్లేఆఫ్‌లో వుడ్‌ను ఐదు స్ట్రోక్‌లతో ఓడించాడు. ఆ షాట్‌ను కళ్లారా చూసినవారు బహు కొద్దిమంది. కానీ కొత్త పోటీకి పేరు తెచ్చిపెట్టింది అదే.

ఇలాంటి ఎగుడుదిగుళ్లకు నేల కూడా సగం కారణం. మాస్టర్స్ ప్రతి ఏటా జార్జియా రాష్ట్రంలోని అగస్టా నేషనల్‌లోనే జరుగుతుంది. అక్కడి 12వ హోల్ 155 గజాల పార్ మూడు. అంకెల్లో చూస్తే ఆ కోర్సులో అతి చిన్న హోల్. గ్రీన్ ముందు రేస్ క్రీక్ అనే వాగు, వెనక బంకర్లు (ఇసుక గుంతలు), చుట్టూ ఎత్తైన పైన్ చెట్లు. చెట్ల మధ్య గాలి ఒక దిక్కున వీస్తున్నట్టు కింద అనిపిస్తే పైన మరో దిక్కున వీస్తుంది. గ్రీన్ వెడల్పుగా ఉన్నా ముందు నుంచి వెనక్కి చాలా సన్నం కాబట్టి దూరం లెక్క కొద్దిగజాలు తప్పినా శిక్ష పడుతుంది. 2016లో జోర్డాన్ స్పీత్ తొమ్మిది హోల్స్ మిగిలి ఉండగా ఐదు స్ట్రోక్‌ల ఆధిక్యంలో ఉన్నాడు. 10, 11 హోల్స్‌లో బోగీలు చేశాడు. 12వ హోల్‌లో మొదటి షాట్ ఒడ్డు తాకి వాగులోకి దొర్లింది. పెనాల్టీగా ఒక స్ట్రోక్ కలుపుకుని ఆడిన తర్వాతి షాట్ కూడా నీళ్లలోకే పోయింది. మొత్తం ఏడు స్ట్రోక్‌లు, పార్ కంటే నాలుగు ఎక్కువ. గెలిచినవాడు డానీ విల్లెట్. 1996లో గ్రెగ్ నార్మన్ చివరి రౌండ్‌ను ఆరు స్ట్రోక్‌ల ఆధిక్యంతో మొదలుపెట్టి, నిక్ ఫాల్డోతో కలిసి నడుస్తూ, 9, 10, 11 హోల్స్‌లో వరుసగా బోగీలు చేసి, 12లో బంతిని నీళ్లపాలు చేసి రెండు స్ట్రోక్‌ల వెనకబాటులోకి జారాడు. చివరికి నార్మన్ 78, ఫాల్డో 67. తేడా ఐదు స్ట్రోక్‌లు. ఆట ముగిశాక ఫాల్డో అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. ఫాల్డో ఆడిన 67 ఆ రోజు మైదానంలోకెల్లా మంచి స్కోర్లలో ఒకటని చాలామంది మరిచిపోతారు. కూలిపోయినవాడి కథ చెబుతూ, నిలబడినవాడి ఆటను పక్కకు నెట్టడం ఈ చరిత్రలో తరచూ జరిగే పొరపాటు.

అన్నిటికంటే ఎక్కువగా అపార్థానికి గురైన ఘట్టం 1999 బ్రిటిష్ ఓపెన్‌ది. అక్కడ కొంచెం నిలబడి చూడాలి. స్కాట్లండ్ తూర్పు తీరంలోని కార్నూస్టీలో ఆ ఏడాది ఫెయిర్‌వేలు (బంతి పడవలసిన పొట్టి గడ్డి దారులు) ఇరుకుగా, రఫ్ (వాటి పక్కనుండే పొడవు గడ్డి) మోకాలెత్తుగా ఉన్నాయి. ఎవరూ పార్‌కు దరిదాపుల్లో లేరు. ఫ్రాన్స్ ఆటగాడు జాన్ వాన్ డి వెల్డ్ చివరి హోల్‌కు మూడు స్ట్రోక్‌ల ఆధిక్యంతో వచ్చాడు. అది పార్ నాలుగు. ఆరు స్ట్రోక్‌లు తీసుకున్నా గెలుపే. అతడు డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) తీశాడు. బంతి బాగా కుడివైపుకు పోయినా నీళ్లలో పడకుండా తప్పించుకుంది. తర్వాత రెండో నంబరు ఐరన్‌తో (పలచని లోహపు తల ఉన్న క్లబ్‌తో) నేరుగా గ్రీన్ వైపు కొట్టాడు. మామూలుగా జరగవలసినదేమిటంటే, ఆ షాట్ కుడివైపు పోయినా ప్రేక్షకుల గ్యాలరీలో పడాలి, అక్కడ పడితే నియమాల ప్రకారం పెనాల్టీ లేకుండా బంతిని పక్కన వదిలి ఆడవచ్చు. కానీ బంతి గ్యాలరీ కమ్మీకి తగిలి వెనక్కి ఎగిరింది; బారీ బర్న్ అనే వాగు రాతి గోడకు తగిలి మళ్లీ ఎగిరి, ఇవతలి ఒడ్డున దట్టమైన రఫ్‌లో పడింది. ఒకే షాట్‌లో రెండు సార్లు ఇలా జరగడం ఎవరి ప్రణాళికలోనూ ఉండదు.

ఆ గడ్డిలోంచి కొట్టిన మూడో షాట్ వాగులో పడింది. అప్పుడు అతడు బూట్లు, మేజోళ్లు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వాగులోకి దిగాడు. గోల్ఫ్ చరిత్రలో అతి ఎక్కువగా ముద్రితమైన చిత్రాల్లో అదొకటి: నడుముకు చేతులు ఆనించి, నీళ్లలో నిలబడి బంతి వైపు చూస్తున్న మనిషి. నీటిలో ఉన్న బంతిని ఆడవచ్చేమోనని చూశాడు. అది మునిగిపోతూండటంతో ఆ ఆలోచన మానుకుని పెనాల్టీ తీసుకున్నాడు, దానితో నాలుగు స్ట్రోక్‌లయ్యాయి. ఐదో షాట్ బంకర్‌లో పడింది. అతనితో కలిసి ఆడుతున్న క్రెయిగ్ ప్యారీ బంతి కూడా అదే బంకర్‌లో ఉంది. ప్యారీ ముందు ఆడి నేరుగా గుంతలో వేశాడు. వాన్ డి వెల్డ్ ఆరో షాట్‌తో ఇసుకలోంచి బయటపడి, మిగిలిన ఆరేడడుగుల పట్‌ను ఏడో స్ట్రోక్‌గా గుంతలో వేశాడు. ఆ పట్ తప్పి ఉంటే ప్లేఆఫ్ కూడా దక్కేది కాదు. అంత జరిగాక, చుట్టూ వేలమంది చూస్తుండగా, ఆ పట్ వేయడం చిన్న విషయం కాదు. నాలుగు హోల్స్ ప్లేఆఫ్‌లో స్కాట్లండ్ ఆటగాడు పాల్ లారీ గెలిచాడు. ఆ రోజు ఉదయం లారీ పది స్ట్రోక్‌లు వెనకబడి ఉన్నాడు, ఒక మేజర్ చివరి రౌండ్‌లో అంత దూరం నుంచి వచ్చి గెలిచినవారు మరొకరు లేరు.

వాన్ డి వెల్డ్ మూర్ఖుడని అప్పుడూ ఇప్పుడూ అనేవారున్నారు. డ్రైవర్ తీయకుండా ఉండవలసిందన్నది నిజమే. కానీ అతని పతనంలో నిర్ణయం పాలు ఎంత, కమ్మీ పాలు ఎంత అని వేరు చేసి చూస్తే, నింద బరువు తగ్గుతుంది. సరాజెన్ బంతి మడుగు దాటి గుంతలోకి దొర్లినప్పుడు దాన్ని ప్రతిభ అన్నాం. ఈ బంతి కమ్మీకి తగిలి వెనక్కి వస్తే బుద్ధిలేనితనం అన్నాం. నేల ఇచ్చినదాన్ని ఆటగాడి ఖాతాలో, నేల తీసుకున్నదాన్ని కూడా ఆటగాడి ఖాతాలోనే వేయడం న్యాయం కాదు.

ఇక నియమాల సంగతి. గోల్ఫ్‌లో ఆటగాళ్లందరి వెంట అంపైర్లు నడవరు. విశాలమైన మైదానంలో వంద మందికి పైగా విడివిడిగా ఆడుతుంటే అది సాధ్యం కాదు. కాబట్టి మొదటి నుంచీ ఆటగాడే తన తప్పును తాను చెప్పుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో బాబీ జోన్స్ రఫ్‌లో షాట్‌కు సిద్ధమవుతుండగా బంతి కొద్దిగా కదిలింది. వేరెవరూ చూడలేదు. అధికారులు అడిగినా, కదిలిందని అతడే పట్టుబట్టి ఒక స్ట్రోక్ పెనాల్టీ వేసుకున్నాడు. 72 హోల్స్ తర్వాత విల్లీ మాక్‌ఫర్లేన్‌తో సమానంగా నిలిచాడు. 18 హోల్స్ ప్లేఆఫ్ కూడా సమమైతే, రెండో ప్లేఆఫ్‌లో ఒక్క స్ట్రోక్‌తో ఓడిపోయాడు. ఆ పెనాల్టీ లేకపోతే ప్లేఆఫ్ అవసరమే పడేది కాదు. 1930లో నాటి నాలుగు ప్రధాన టైటిళ్లనూ ఒకే ఏడాది గెలిచి 28 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్న జోన్స్‌ను ఆ పోయిన టైటిల్‌కు కూడా గౌరవంగా తలుచుకుంటారు.

ఈ స్వయంపాలనకు రెండో ముఖం స్కోర్‌కార్డు. వృత్తి గోల్ఫ్‌లో నీ స్కోరును నీతో ఆడుతున్నవాడు రాస్తాడు, అతని స్కోరును నువ్వు రాస్తావు. చివరికి ఎవరిది వారు సరిచూసుకుని సంతకం చేయాలి. సంతకం చేసిన కార్డులో ఒక హోల్ స్కోరు అసలుకంటే తక్కువగా ఉంటే అనర్హత, ఎక్కువగా ఉంటే ఆ ఎక్కువే ఖాయం. 1968 మాస్టర్స్ చివరి రోజు అర్జెంటీనా ఆటగాడు రాబర్టో డి విసెంజోకు 45వ పుట్టినరోజు. 17వ హోల్‌లో అతడు బర్డీ చేయడం టీవీలో అందరూ చూశారు, అంటే మూడు స్ట్రోక్‌లు. అతని కార్డు రాస్తున్న టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు. 18లో బోగీ చేసి కలత చెందిన డి విసెంజో ఆ అంకె గమనించకుండా సంతకం పెట్టాడు. నిజానికి ఆడింది 65, కార్డు ప్రకారం 66. బాబ్ గోల్బీతో 277 వద్ద సమంగా నిలిచి మర్నాడు ప్లేఆఫ్ ఆడవలసినవాడు 278తో రెండో స్థానంలో మిగిలిపోయాడు. అతడు ఎవరినీ తప్పుపట్టలేదు. తెలివితక్కువ పని చేసింది తానేనన్నాడు. ఈ కథలో రెండో బాధితుడు గోల్బీ అని గుర్తుచేయడం అవసరం. అతడు చివరి రౌండ్‌లో 66 ఆడి న్యాయంగా గెలిచాడు. అయినా నిందాపూర్వకమైన ఉత్తరాలు అందుకున్నాడు, మాస్టర్స్ విజేతకు ఇచ్చే పచ్చకోటు ఆనందం అతనికి పూర్తిగా దక్కలేదు.

ఆ నియమం క్రూరంగా ఉందన్నమాట కాదనలేం. కానీ మైదానంలో ఏం జరిగిందో అధికారికంగా చెప్పగలిగే సాక్ష్యం ఆ కాగితం ఒక్కటే అన్న రోజుల్లో, సంతకానికి విలువ లేకపోతే ఏ స్కోరుకూ విలువ ఉండేది కాదు. 2010 పీజీఏ చాంపియన్‌షిప్‌లో డస్టిన్ జాన్సన్‌కు జరిగినది దీనికి దగ్గరి చుట్టమే. విస్లింగ్ స్ట్రెయిట్స్ కోర్సులో వందలాది ఇసుక గుంతలున్నాయి, ప్రేక్షకులు తొక్కి తిరిగినవాటితో సహా అన్నీ బంకర్లేనని ముందే నోటీసు పెట్టారు. చివరి హోల్‌లో జనం నిలబడిన ఒక ఇసుక పట్టీలో జాన్సన్ షాట్‌కు ముందు క్లబ్‌ను నేలకు ఆనించాడు. బంకర్‌లో అలా చేయకూడదు. రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ పడింది, ప్లేఆఫ్ స్థానం పోయింది.

సమంగా నిలిచినవారిని ఎలా తేల్చాలన్నది మరో చిక్కుముడి, దీనిలోనే కొన్ని గొప్ప కథలు పుట్టాయి. ఇప్పుడు మాస్టర్స్‌లో సడెన్ డెత్ (ఒక్కో హోల్ ఆడుతూ, ముందుగా ఒక హోల్ గెలిచినవారే విజేత), పీజీఏలో మూడు హోల్స్, బ్రిటిష్ ఓపెన్‌లో 2019 నుంచి మూడు హోల్స్, యూఎస్ ఓపెన్‌లో 2018 నుంచి రెండు హోల్స్. పూర్వం పూర్తి 18 హోల్స్ మరుసటి రోజు ఆడేవారు. టీవీ ప్రసారాలకు, ప్రయాణాలకు అది ఇబ్బందే. కానీ ఒక రాత్రి నిద్రపోయి, లేచి, మళ్లీ అదే మైదానంలో దిగడంలో ఒక పరీక్ష ఉండేది. 1913 యూఎస్ ఓపెన్‌లో బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో, మైదానానికి ఎదురుగా వీధికి అవతల నివసించే 20 ఏళ్ల అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడు) ఫ్రాన్సిస్ విమెట్, బ్రిటిష్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రేలతో 304 వద్ద సమంగా నిలిచాడు. అతని బ్యాగు మోసినవాడు ఎడ్డీ లోవరీ అనే పదేళ్ల బాలుడు. ఒక్క పట్‌తో తేలి ఉంటే అది కాకతాళీయం అనేవారు. 18 హోల్స్ ఆడి విమెట్ 72, వార్డన్ 77, రే 78తో ముగించాక ఎవరూ ఆ మాట అనలేకపోయారు. అమెరికాలో సామాన్యులు గోల్ఫ్ వైపు చూడటం మొదలైంది అప్పటి నుంచే.

1998 యూఎస్ మహిళల ఓపెన్‌లో జరిగినది దీనికంటే దూరం ప్రయాణించింది. విస్కాన్సిన్‌లోని బ్లాక్‌వుల్ఫ్ రన్‌లో దక్షిణ కొరియాకు చెందిన 20 ఏళ్ల సె రీ పాక్, అమెరికా అమెచ్యూర్ జెన్నీ చువాసిరిపోర్న్ సమంగా నిలిచి మర్నాడు 18 హోల్స్ ప్లేఆఫ్ ఆడారు. చివరి హోల్‌లో పాక్ డ్రైవ్ ఎడమకు పోయి చెరువు గట్టు వాలులో, నీటి అంచున గడ్డిలో ఆగింది. పెనాల్టీ తీసుకోవచ్చు. ఆమె చాలాసేపు చూసి, బూట్లు, మేజోళ్లు తీసి, నీళ్లలోకి దిగింది. ఎండకు నల్లబడిన పిక్కల కింద, ఏళ్ల తరబడి మేజోళ్లలో దాగిన పాదాలు తెల్లగా మెరిశాయి. ఎంతకాలం మైదానంలో గడిపిందో ఆ రంగు గీతే చెప్పింది. బంతిని అక్కడి నుంచి బయటికి తీసి బోగీతో బయటపడింది. ప్రత్యర్థి కూడా బోగీ చేయడంతో ఇద్దరూ 73. ఆ తర్వాత సడెన్ డెత్ రెండో హోల్‌లో, మొత్తం 92వ హోల్‌లో, పాక్ బర్డీ పట్ వేసి గెలిచింది. అప్పుడు ఆమె దేశం ఆసియా ఆర్థిక సంక్షోభంలో నలుగుతోంది. నీళ్లలో నిలబడిన ఆ అమ్మాయి అక్కడి జనానికి తమ కష్టకాలపు ప్రతిమగా కనిపించింది. ఆ ప్రసారం చూసి క్లబ్ పట్టిన చిన్నపిల్లల్లో ఇన్‌బీ పార్క్ ఒకరు. ఆమె 2008లో 19 ఏళ్లకే అదే టైటిల్ గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో, 112 ఏళ్ల విరామం తర్వాత గోల్ఫ్ తిరిగి వచ్చినప్పుడు, మహిళల స్వర్ణం పార్క్‌కు దక్కింది. ఆ కొరియా జట్టు కోచ్ సె రీ పాక్. కార్నూస్టీ వాగు, బ్లాక్‌వుల్ఫ్ రన్ చెరువు పక్కపక్కన పెట్టి చూడండి: ఇద్దరూ బూట్లు విప్పారు, ఇద్దరూ నీళ్లలో దిగారు. బంతి మునిగిందా, ఒడ్డున ఆగిందా అన్నదే తేడా.

18 హోల్స్ ప్లేఆఫ్‌కు చివరి గొప్ప రోజు 2008 యూఎస్ ఓపెన్‌లో వచ్చింది. కాలి ఎముకలో చీలికలు, మోకాలి లిగమెంట్ తెగిన స్థితిలో టైగర్ వుడ్స్ టోరీ పైన్స్ కోర్సులో ఆడాడు. 72వ హోల్‌లో రాకో మీడియేట్‌ను అందుకోవడానికి 12 అడుగుల బర్డీ పట్ పడాలి. సాయంత్రానికి గ్రీన్ ఎగుడుదిగుడుగా మారింది. బంతి కుదుపులు తింటూ పోయి గుంత అంచున తిరిగి లోపల పడింది. మర్నాడు ఇద్దరూ 71. 91వ హోల్‌లో వుడ్స్ గెలిచాడు. వెంటనే శస్త్రచికిత్స చేయించుకుని ఆ సీజన్ మొత్తానికి దూరమయ్యాడు.

కొన్ని ఘట్టాలకు మాత్రం ఈ లెక్కలేవీ చాలవని ఒప్పుకోవాలి. 1949 ఫిబ్రవరిలో బస్సు గుద్దుకున్న కారు ప్రమాదంలో చావు తప్పించుకున్న బెన్ హోగన్, 16 నెలల తర్వాత కాళ్లకు కట్లతో మెరియన్ కోర్సులో యూఎస్ ఓపెన్ ఆడాడు. చివరి రోజు ఒక్కరోజే 36 హోల్స్. ఆఖరి హోల్‌లో ప్లేఆఫ్ చేరాలంటే పార్ కావాలి; ఒకటో నంబరు ఐరన్‌తో అతడు కొట్టిన షాట్ గ్రీన్ చేరింది. ఆ స్వింగ్ ముగింపును వెనక నుంచి తీసిన ఫొటోలో హోగన్ ముఖం కనబడదు, దూరంగా జనం గోడలా నిలబడి ఉంటారు. మర్నాడు అతడు 69 ఆడి, లాయిడ్ మాంగ్రమ్, జార్జ్ ఫాజియోలను ఓడించాడు. 1986 మాస్టర్స్‌లో 46 ఏళ్ల నిక్లాస్ తన కొడుకు బ్యాగు మోస్తుండగా చివరి తొమ్మిది హోల్స్‌ను 30లో ఆడి 18వ మేజర్ గెలిచిన సాయంత్రం కూడా అలాంటిదే. అయితే అక్కడ కూడా ఒక అమరిక ఉంది. అతడు నాయకుల కంటే ముందు ఆడుతున్నాడు. అతని ఈగిల్‌కు, బర్డీలకు జనం వేసిన కేకలు చెట్ల మీదుగా వెనకనున్న సెవె బాలెస్టెరోస్, టామ్ కైట్, గ్రెగ్ నార్మన్‌లకు వినిపిస్తూనే ఉన్నాయి. బాలెస్టెరోస్ 15వ హోల్‌లో నీళ్లలోకి కొట్టాడు. కైట్ చివరి పట్ తప్పింది. నార్మన్ చివరి హోల్‌లో జనంలోకి కొట్టి బోగీ చేశాడు.

రోరీ మెక్‌ల్రాయ్ 2011లో 21 ఏళ్ల వయసులో నాలుగు స్ట్రోక్‌ల ఆధిక్యంతో మాస్టర్స్ చివరి రౌండ్ మొదలుపెట్టి 80 ఆడాడు. 10వ హోల్‌లో అతని డ్రైవ్ చెట్టుకు తగిలి, కెమెరాలు ఎన్నడూ చూపని క్యాబిన్ల మధ్య పడింది. ఆ తర్వాత మిగతా మూడు మేజర్లూ గెలిచినా అగస్టా మాత్రం అందలేదు. 2025లో మళ్లీ ఆధిక్యంతో చివరి రౌండ్‌లోకి వచ్చాడు. మొదటి హోల్‌లోనే డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ), 13వ హోల్‌లో తేలికైన వెడ్జ్ షాట్ (బంతిని ఎత్తుగా, దగ్గరి దూరానికి కొట్టే క్లబ్‌తో ఆడేది) వాగులోకి, మళ్లీ 15లో చెట్లను చుట్టి వచ్చిన అద్భుతమైన ఐరన్ షాట్, 17లో బర్డీ. 18వ హోల్‌లో పార్ చేస్తే గెలుపు. ఫెయిర్‌వే మధ్య నుంచి కొట్టిన వెడ్జ్ షాట్ బంకర్‌లో పడింది. బయటికి తీశాక సుమారు ఐదడుగుల పట్ మిగిలింది. అది తప్పింది. జస్టిన్ రోజ్‌తో ప్లేఆఫ్. ఇద్దరూ అదే 18వ హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరికి తిరిగి వెళ్లారు. మెక్‌ల్రాయ్ డ్రైవ్ ఫెయిర్‌వేలో పడింది, అదే గ్రీన్ వైపు మళ్లీ వెడ్జ్ తీశాడు. ఈసారి బంతి గ్రీన్ మీద పడి, వెనక్కి దొర్లి, గుంతకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగింది. రోజ్ పట్ తప్పింది. 55 ఏళ్ల కిందట శాండర్స్ ముందు మిగిలినంత దూరమే, కొంచెం అటూ ఇటూగా, మెక్‌ల్రాయ్ ముందు మిగిలింది. అతడు కొట్టాడు, బంతి పడింది. పట్టర్ వదిలేసి గ్రీన్ మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు, భుజాలు కదిలిపోతుండగా నేలకేసి తల ఆనించాడు.